ఈ బొమ్మ మీ ఇంటికి ఎలా వచ్చింది మాస్టారూ?

చెన్నైలో ఉంటున్న మన తెలుగు చిత్రకారుడొకాయన తన ఇంట్లోని బొమ్మలన్నీ తెచ్చి ప్రదర్శనకు పెట్టారు. ఆయన వేసినవి కావు. ఇన్ని దశాబ్దాల్లో ఆయన దగ్గరకు చేరినవి. తోటివాళ్లు ఇచ్చినవి, శిష్యులు ఇచ్చినవి, అప్పు తీర్చలేక ఎవరో వదిలి వెళ్లినవి, డబ్బు పెట్టి కొన్నవి కూడా కొన్ని. ఆయన పేరు రాయడం లేదు, ఈ రచ్చ ఆయనకు నచ్చదు. చూసి వచ్చిన దగ్గర్నుంచి నా కోపం తగ్గడం లేదు కాబట్టి ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కోపం బొమ్మల మీద కాదు, వాటి పక్కనున్న లేబుళ్ల మీద. వేసినవారి పేరు, సంవత్సరం, కాన్వాస్ మీద ఆయిల్, ఇన్ని అంగుళాలు. అక్కడితో సరి. వ్యాపారవేత్త కొని పోగుచేసిన సేకరణకైతే ఈమాత్రం చాలు. ఒక చిత్రకారుడు ఇంకొకరి బొమ్మను రోజూ కళ్లెదుట ఎందుకు పెట్టుకున్నాడన్నది తెలుసుకోవడానికే కదా మనం వెళ్లింది? దాని గురించి గోడ మీద ఒక్క ముక్క లేదు.

అరచేయంత ఇంకు బొమ్మ ఒకటి చూస్తూ నిలబడ్డాను. పెద్దాయనే వచ్చి చెప్పారు. అది వేసిన మిత్రుడు రంగులు కొనలేని రోజుల్లో ఈయన తన ట్యూబుల్లో సగం ఇచ్చేశారట. కొన్ని నెలలకు అతను ఈ బొమ్మతో గుమ్మంలో నిలబడ్డాడట. "తీసుకోను అన్నాను. అయితే నీ రంగులు నీకు తిరిగిచ్చేస్తాను అన్నాడు. అవి వాడేశాడని ఇద్దరికీ తెలుసు కదండీ" అని నవ్వారు. లేబుల్ మీద 'కాగితం మీద ఇంకు' అని ఉంది. నిర్వాహకుల్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఎవరూ అడగలేదు మరి. మేం మాట్లాడుతుండగానే ఒకాయన వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పుడిది ఎంత పలుకుతుందండీ?"

మన దగ్గర ఇంతే, విదేశాల్లో అయితేనా, అనేవాళ్లు వెంటనే లండన్ పేరెత్తుతారు. ఎత్తండి, నేనూ ఎత్తుతాను. 2015 అక్టోబరులో బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ తన సొంత సేకరణను చూపించడానికి అక్కడ న్యూపోర్ట్ స్ట్రీట్ గ్యాలరీ తెరిచాడు. ప్రవేశం ఉచితం. 2006లోనే సర్పెంటైన్ గ్యాలరీలో ఆ సేకరణలో కొంత చూపించి ఉన్నాడు. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్, శిల్పి జెఫ్ కూన్స్ లాంటి పెద్ద పేర్లు ఆయన దగ్గర ఉన్నాయి. అయినా కొత్త గ్యాలరీలో మొదట వేలాడదీసింది జాన్ హోయ్‌లాండ్‌ను. 1964 నుంచి 1982 దాకా ఆయన వేసిన పెద్ద పెద్ద రంగుల కాన్వాసులు. ఫార్మాలిన్ తొట్టెలో సొరచేపను పెట్టి పేరు తెచ్చుకున్న మనిషి, 2011లో చనిపోయిన ఒక నైరూప్య చిత్రకారుడిని ముందు చూడండి అన్నాడు. హర్స్ట్ సొంత పని చూసి ఈ ఇష్టాన్ని ఊహించగలమా?

హర్స్ట్‌ను పొగడాలని కాదు. అంత మార్కెట్ బలం ఉన్నవాడు తన దగ్గరున్న సరుకును తన గోడకే తగిలిస్తే ఆ సరుకు ధర పెరగకుండా ఉంటుందా? ఆ అనుమానం నాకూ ఉంది. ఆ గ్యాలరీ భవనాల్లో కొన్ని ఒకప్పుడు నాటకాలకు తెరలు, సెట్లు తయారుచేసిన షెడ్లు. ఆ సంగతి చదివినప్పుడు మాత్రం నాకు లండన్ కాదు, చెన్నైలోని వడపళని గుర్తొచ్చింది. అక్కడి విజయా వాహినీ సినిమా స్టూడియో నేల మీద ఇప్పుడు ఆసుపత్రి ఉంది, మాల్ ఉంది. అక్కడ తెరలు వేసినవాళ్ల పనికి ఒక్క గోడ అయినా మిగిలిందా? సరే, అది వేరే పోస్టు.

డబ్బున్న చిత్రకారుడి సంగతి పక్కన పెట్టండి. నాకు నచ్చే ఉదాహరణ ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్. 1899లో, ఇల్లు గడవడమే కష్టంగా ఉన్నప్పుడు, తనకు ముందుతరం చిత్రకారుడు సెజాన్ వేసిన ముగ్గురు స్నానం చేసే స్త్రీల బొమ్మ కొన్నాడు. చిన్న బొమ్మే. దాన్ని ముప్పై ఏడేళ్లు దగ్గర ఉంచుకుని 1936లో పారిస్ నగరానికి, పెటీ పలే మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇస్తూ రాసిన ఉత్తరంలో, కష్టకాలాల్లో ఆ బొమ్మే తనకు ధైర్యం ఇచ్చిందని చెప్పుకున్నాడు. ఆ ఉత్తరం లేకపోతే అది మ్యూజియంలో మరో సెజాన్. ఉంది కాబట్టి మతీస్ బొమ్మల్లోని ఆ బరువైన ఒళ్లు ఎక్కడినుంచి వచ్చాయో మనం వెతుక్కోగలుగుతున్నాం.

మరో ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా కథ దీనికి తిరగబడ్డది. సేకరణ అంతా ఒక మ్యూజియంగా ఉంచాలని కొంతకాలం అనుకుని, మానుకున్నాడు. 1917లో పోయాడు. మరుసటేడు మార్చిలో, పారిస్ మీద ఫిరంగి గుండ్లు పడుతుండగా, వేలంలో అంతా చెల్లాచెదురైంది. ఆర్థికవేత్త కీన్స్ బ్రిటిష్ ఖజానా చేత డబ్బు ఇప్పించి కొన్నింటిని లండన్ నేషనల్ గ్యాలరీకి చేర్చాడు, తనకోసం ఒక సెజాన్ కొనుక్కున్నాడు. బొమ్మలు బతికాయి. డెగా ఏ బొమ్మ పక్కన ఏది పెట్టుకున్నాడో ఆ వరస మాత్రం పోయింది.

ఇక మన ఊరు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్‌తో కలిసి మద్రాసు ఆర్ట్స్ స్కూలు వాళ్లు ఇంజంబాక్కంలో చోళమండలం అనే కళాకారుల ఊరు నిలబెట్టారు. బాతిక్ (మైనం అద్దకం) బట్టలు, చేతిపని వస్తువులు అమ్మి ఆ డబ్బుతో కట్టుకున్న ఊరది. బొమ్మలు కొనేవాళ్లు అరుదైన రోజుల్లో మొదటి ప్రేక్షకుడు, మొదటి విమర్శకుడు పక్కింటాయనే. 2009లో మద్రాసు కళా ఉద్యమానికి అక్కడే ఒక మ్యూజియం తెరిచారు. 1973లో చిన్న వయసులోనే పోయిన కె. రామానుజం బొమ్మల్ని తోటివాళ్లు మరిచిపోనివ్వలేదు. మద్రాసులోనే చదువుకున్న చిత్రకారులు పైడిరాజు, కె. శ్రీనివాసులు, రెడ్డప్ప నాయుడు గీసి మిత్రుల చేతుల్లో పెట్టిన స్కెచ్చులు ఇవాళ ఎవరి బీరువాల్లో ఉన్నాయో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు? ఉన్నవాళ్లకు ఎనభై దాటింది.

ఈ స్నేహాల సేకరణ అంతా బంగారం అని కూడా అనను. పెద్దాయన గోడల మీద ఆడవాళ్లు వేసిన బొమ్మలు రెండే కనిపించాయి. చోళమండలంలోనే ఆర్నవాజ్ లాంటి చిత్రకారిణి పనిచేశారు, ఆ తరంలో ఇంకా ఉన్నారు. బొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడమంతా సాయంత్రం టీ దగ్గర కలిసే మగవాళ్ల మధ్యే నడిచింది, ఆ టీ పెట్టినవాళ్లకు అందులో వంతు లేదు. ఇది పెద్దాయనతోనే అన్నాను. ఆయన కాదనలేదు. చూపించండి, ఈ లోటునూ చూపించండి. మ్యూజియం క్యూరేటర్ అయితే ఇబ్బందిపడి రెండు అరువు తెచ్చి పెడతాడు. ఇంటి గోడ అలా సర్దుకోదు, అందుకే దానికి విలువ.

తర్వాత ఏమవుతుందన్నది అసలు బెంగ. పెద్దాయన పిల్లలు వేరే దేశాల్లో ఉన్నారు. సముద్రపు గాలికి కాగితం మీద బూజు పడుతోంది, ఫ్రేముల వెనక మామూలు అట్ట పెట్టడం వల్ల గోధుమరంగు మచ్చలు దిగాయి. 2015 డిసెంబరు వరదల్లో ఈ ఊళ్లో నేల అంతస్తుల్లోని కాగితాల గతి ఏమైందో చూశాం. ప్రభుత్వానికి ఇచ్చేస్తే చాలు అనేవాళ్లకు నా ప్రశ్న: ఏ గోడకు, ఎన్నాళ్లకు, ఎవరి సంరక్షణలో? రాసిచ్చేవాళ్లుంటే ఇవ్వమనండి. శాలువా కప్పి, రిబ్బను కత్తిరించి, సరుకు గోదాములో పెట్టే ముచ్చటకైతే ఇంట్లోనే ఉండనివ్వండి.

నిర్వాహకులకు ఉత్తరం రాశాను. కోట్లు అక్కర్లేదు. ఒక మనిషి, ఒక రికార్డరు, పెద్దాయన పక్కన ఒక కుర్చీ. ఒక్కో బొమ్మ వెనక్కి తిప్పి, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎందుకు అని అడిగి, ఆయన చెప్పింది లేబుల్ కింద ఇంకో రెండు వాక్యాలుగా తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో అచ్చు వేస్తే చాలు. 'పరిశీలిస్తాం' అని జవాబు వచ్చింది. ప్రదర్శన నెలాఖరు దాకా ఉంటుంది. శనివారాలు సాయంత్రం ఆయన అక్కడే ఉంటారు, మొహమాటపడకండి, బాగానే మాట్లాడతారు. మీలో ఎవరైనా వెళ్తే ఆయన అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేసి నాకు పంపండి, రాసి పెట్టే పని నాది.