వట్టి మనిషి కాదు

కడుపుతో ఉన్న ఆడమనిషిని మన ఇళ్లలో ‘వట్టి మనిషి కాదు’ అంటారు. ‘ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది, జాగ్రత్త’ అనే హెచ్చరికా ఆ వెనకే వస్తుంది. మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోది సగమే నిజం. ఈ సగం నిజాన్ని పట్టుకునే, ‘శక్తి తగ్గిన ఒంట్లో టీకా ఏం పనిచేస్తుంది’ అని కొందరు గర్భిణులు టీకాకు వెనకాడతారు.

బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. ఆ లెక్కన తల్లి ఒంటికి బిడ్డ సగం పరాయి. వేరొకరి కిడ్నీ పెడితే తిప్పికొట్టే శరీరం బిడ్డను తొమ్మిది నెలలు ఎలా మోస్తోంది? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ ఈ ప్రశ్న వేశారు. తల్లి రోగనిరోధక వ్యవస్థ మందగిస్తుందేమో అన్నది ఆయన ఊహల్లో ఒకటి.

అసలు జరిగేది వేరు. తొలి మూడు నెలల్లో గర్భసంచి లోపలి పొరలో ఉండే తెల్లకణాల్లో సుమారు 70 శాతం ‘నేచురల్ కిల్లర్’ కణాలే. చంపడమే పనిగా పేరు పడ్డ ఈ కణాలు అక్కడ రక్తనాళాలు వెడల్పయ్యేందుకు తోడ్పడి, మాయకు రక్తం అందేలా చూస్తాయి. ఇంకోవైపు రెగ్యులేటరీ టి కణాలు పెరిగి, బిడ్డ మీద దాడి జరగకుండా కాపుకాస్తాయి. దీన్ని బలహీనత అనడం అన్యాయం. కాపలా తగ్గలేదు, కాపలా తీరు మారింది.

ఆ మార్పుకు మూల్యం లేకపోలేదు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ చివరి మూడు నెలల్లో సోకితే, వంద మందిలో 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు పోవచ్చు. ఫ్లూ కూడా గర్భిణులకు ముదురుతుంది. అందులో తప్పంతా రోగనిరోధక వ్యవస్థది కాదు. పెరిగే కడుపు ఊపిరితిత్తులను పైకి నెడుతుంది, గుండెకు పని పెరుగుతుంది.

మరి టీకా పనిచేస్తుందా? భేషుగ్గా. అంగన్‌వాడీలో ఏఎన్ఎం జబ్బకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఇంజెక్షన్‌నే చూడండి. దానితో తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఆరు వారాలకు తన మొదటి ధనుర్వాతం టీకా పడేదాకా ఆ పసిగుడ్డుకు ఆ జబ్బు నుంచి రక్షణ అవే. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని 2015లో మన దేశం అదుపులోకి తెచ్చిందంటే ఈ సూది పాత్ర పెద్దది. గర్భిణులకు ఫ్లూ టీకా కూడా ఇలాగే సర్కారు ఉచితంగా వేయాలని నా గట్టి అభిప్రాయం.

కాన్పు తర్వాతి నెలలను మాత్రం మనం పట్టించుకోవడం లేదు. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) గర్భంతో ఉండగా నెమ్మదిస్తుందని 1938లోనే అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ రాశారు. ప్రసవమయ్యాక అదే జబ్బు చాలామందిలో తిరగబెడుతుంది, కొందరిలో అప్పుడే మొదలవుతుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, బిడ్డ చొక్కా గుండీ కూడా పెట్టలేని తల్లికి ఇంట్లో దొరికే జవాబు ‘బాలింతవు కదా, సర్దుకుంటుందిలే’. గంట గడిచినా ఆ బిగుతు వదలకపోతే, కీళ్లు వాస్తే, ఆ చేతులను డాక్టరుకు చూపించాలి. బిడ్డకు టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు. ఆ రోజే చూపించండి.