గ్రావెల్‌కు చందా వేసుకున్న వీధికి రోడ్డు లెక్క ఎవరు చెబుతారు?

కర్నూలులో కల్లూరు వైపు నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు వానాకాలం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. గంటసేపు వాన పడితే చాలు, బండి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బంకమట్టి ఇరుక్కుని టైరు తిరగదు, పుల్ల పెట్టి గీక్కుంటూ కూర్చోవాలి. పోయిన వానలప్పుడు మా వీధిలో ఇంటికింత అని వేసుకుని రెండు టిప్పర్ల గ్రావెల్ తోలించాం. పోగైన డబ్బు కంటే గొడవే ఎక్కువ. మూలమీది ఇంటాయన "నాకు రెండు పక్కలా రోడ్డే గదా, అట్లని డబుల్ ఇయ్యల్లనా?" అన్నాడు. చివరింటామె "మీ ఇండ్ల ముందర పోసేసి మా కాడికి వచ్చేసరికి ఐపోతాది" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఇదే గొడవ అమెరికాలో సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ చాలా నగరాల్లో వీధి రోడ్డు బాగుచేస్తే ఖర్చులో కొంతో మొత్తమో ఆ రోడ్డుకు ఆనుకున్న ఇళ్ల మీద వేస్తారు, దాన్నే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. ఎక్కువగా ఇంటి ముఖం ఎన్ని అడుగులుంటే అంత. ఒహాయోలోని నార్‌వుడ్‌లో ఒకావిడ స్థలంలోంచి రోడ్డు తీసి, ఖర్చంతా ఆమె మీదే వేస్తే, కలిగిన లాభం కంటే బాగా ఎక్కువ వసూలు చేయడమంటే పరిహారం ఇవ్వకుండా ఆస్తి లాక్కోవడమే అని 1898లో కోర్టు చెప్పింది. మూడేళ్లు తిరక్కుండానే, 1901లో, కాన్సస్ సిటీ కేసులో అడుగుల లెక్క చెల్లుతుందని అదే కోర్టు తేల్చింది. అంటే మా మూలింటాయన ప్రశ్నకు అక్కడా సూటి జవాబు దొరకలేదన్నమాట.

నాకు నచ్చింది వసూలు కాదు, దాని చుట్టూ ఉన్న తంతు. మిన్నెసోటా చట్టమే చూడండి. పని మొదలుపెట్టకముందు ఇళ్లవాళ్లకు నోటీసిచ్చి సభ పెట్టాలి, ఎవరి వాటా ఎంతో తేల్చేముందు ఇంకో సభ. అభ్యంతరం రాసిచ్చినవాళ్లు 30 రోజుల్లో కోర్టుకు పోవచ్చు. డబ్బు వాయిదాల్లో ఆస్తిపన్నుతో పాటు కట్టొచ్చు.

మనం కట్టడం లేదా అంటే కడుతున్నాం. అనుమతి లేని లేఅవుట్‌లో స్థలం కొని ప్లాన్‌కు పోతే వసతుల పేరుతో బెటర్‌మెంట్ చార్జీలు, లేదంటే లేఅవుట్‌ను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు. 2021 నుంచి ఇంటిపన్ను కూడా ఆస్తి విలువ మీదే, ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదన్న షరతుతో. కట్టింది ఏ వీధికి ఖర్చయిందో మాత్రం రసీదు చూసి చెప్పలేం.

ప్రజల వాటా అనేది మనకు కొత్త కూడా కాదు. 1997లో మొదలైన జన్మభూమిలో పనికి ఊరివాళ్లు డబ్బో శ్రమో కొంత భరించాలన్నారు. మంచి ఆలోచనే, కానీ చాలాచోట్ల ఆ వాటా కాంట్రాక్టరే కట్టేశాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నదే. ఆయన దాన్ని మళ్లీ ఎక్కడ రాబట్టుకుంటాడో సిమెంటు కలిపే మేస్త్రీని అడిగితే చెబుతాడు.

అసలు చిక్కంతా టెండర్లో ఉంది. మన రాష్ట్రంలో ఎస్టిమేట్ మీద 5 శాతం కంటే ఎక్సెస్, అంటే ఎక్కువ రేటు, వేస్తే ఒప్పుకోరు, లెస్‌కు, అంటే తగ్గించి వేయడానికి, మాత్రం కాంట్రాక్టర్లు పోటీ పడతారు. 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ కట్టాలి, కాబట్టి తెలివైనవాడు 24 దగ్గర ఆగుతాడు. లెక్క కోసం 12 లక్షల పని అనుకుందాం, 24 శాతం లెస్ అంటే 2 లక్షల 88 వేలు తగ్గినట్టు. ఎస్టిమేట్ ఉబ్బించి వేసి ఉంటే సరే. లేకపోతే ఆ తగ్గింపు ఆరంగుళాల మందం రోడ్డును నాలుగంగుళాలు చేస్తుంది, పది రోజుల క్యూరింగ్‌ను రెండు రోజుల్లో ముగిస్తుంది. నల్లరేగడి మీద కింద గ్రావెల్ సరిగా రోల్ చేయకపోతే పైన కాంక్రీటు ఎంత బాగున్నా రెండు వేసవులకు అంచులు పగులుతాయి. పోటీ లేకుండా కాంట్రాక్టర్లంతా కూడబలుక్కుని రింగ్ అయితే ఇంకో రకం నష్టం, అది వేరే కథ.

వీధివాళ్లు వాటా కడితే వాళ్లూ తక్కువ రేటే అడుగుతారు గదా అనొచ్చు. అడుగుతారు. అయితే ఆ రోడ్డు మీద రోజూ నడిచేది వాళ్లే కాబట్టి, పోసే రోజు టేపు పట్టుకుని నిలబడేదీ వాళ్లే. అమెరికా చట్టాల్లో చాలాచోట్ల ఉట్టి తక్కువ రేటు అనరు, బాధ్యత గల తక్కువ రేటువాడు అంటారు. మన ఎల్‌వన్‌లో, అంటే తక్కువ రేటువాడికే పని అనే పద్ధతిలో, ఆ ఒక్క మాటకు దక్కే చోటు తక్కువ.

కాబట్టి వాటా అడగండి, నేనైతే కడతాను. కానీ ముందు ఎస్టిమేటు వీధి మొదట్లో బోర్డు మీద తెలుగులో రాయాలి, ఇంజనీర్లు ఎం.బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు రాసేటప్పుడు మాలో ఇద్దరు పక్కన ఉండాలి, లెస్‌లో మిగిలింది మా వాటాలోంచి తగ్గించాలి. రోజుకూలీల వీధుల్లో మాత్రం ఈ పద్ధతి వద్దే వద్దు, అక్కడ మొత్తం ప్రభుత్వమే పెట్టుకోవాలి. అద్దెకుండేవాళ్ల సంగతి కూడా చూడాలి, ఓనరు కట్టిన వాటా మరుసటి నెలే అద్దెలో కలుస్తుంది.

మా గ్రావెల్ లెక్క నోట్‌బుక్కు ఇప్పటికీ వీధి మొదటి కిరాణా కొట్లోనే ఉంది, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మూలింటాయన కడకు ఒకటిన్నర వాటా ఇచ్చాడు. చివరింటామె అయితే తన గడప ముందర పోసిన గ్రావెల్‌లో పుల్ల గుచ్చి, మందం చూసుకున్నాకే డబ్బు తీసింది.