సవరణ: పెర్సీ జాక్సన్ పుస్తకాల వరుస గురించి

గ్రీకు, రోమన్ దేవతల పిల్లలు హీరోలుగా రిక్ రయోర్డన్ రాసిన పుస్తకాల మీద నేను ముందు పెట్టిన పోస్టులో, రోమన్ దేవతల కథ కావాలనుకునే పిల్లలు నేరుగా 'ది హీరోస్ ఆఫ్ ఒలింపస్' మొదలుపెట్టొచ్చని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ముందు 'పెర్సీ జాక్సన్ అండ్ ది ఒలింపియన్స్' ఐదు పుస్తకాలు (2005–2009), ఆ తర్వాతే ఈ ఐదు (2010–2014) చదవాలి.

ఎందుకంటే, రెండో సిరీస్ మొదటి పుస్తకం 'ది లాస్ట్ హీరో'లో జేసన్ అనే కుర్రాడు గతం గుర్తులేకుండా స్కూల్ బస్సులో కళ్లు తెరుస్తాడు. అతను చేరుకున్న, గ్రీకు దేవతల పిల్లలుండే లాంగ్ ఐలాండ్ శిబిరంలో అందరూ తప్పిపోయిన మొదటి సిరీస్ హీరో పెర్సీ కోసం వెతుకుతుంటారు. పెర్సీ ఎవరో తెలియని పిల్లలకు ఆ టెన్షన్ ఎలా తెలుస్తుంది? పైగా మొదటి సిరీస్‌లోని యుద్ధం ఎలా ముగిసిందో అక్కడ మాటల్లోనే బయటపడిపోతుంది. అంత మంచి ముగింపును పిల్లలు ఐదు పుస్తకాలు చదివి తామే చేరుకోవాలి, ముందే తెలిసిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రోమన్ దేవతలు పేరు మారిన గ్రీకు దేవతలే అన్న ముక్క కూడా మార్చాను. ఈ కథల్లో ఒకే దేవతకు రెండు స్వభావాలుంటాయి. గ్రీకుల యుద్ధదేవుడు ఆరెస్ తగవులమారి. మార్స్‌గా అతనే క్రమశిక్షణ గల యోధుడు, రోమన్లకు ఎంతో పూజ్యుడు. అథీనాది తిరగబడిన కథ. యుద్ధవ్యూహాల దేవతగా ఆమెకున్న స్థానాన్ని మినర్వాగా మార్చినప్పుడు రోమన్లు తగ్గించేశారు. 'ది మార్క్ ఆఫ్ అథీనా' (2012)లో రోమన్ల మీద ఆమెకు కనిపించే పగకు అదీ ఒక కారణం.

'ది ట్రయల్స్ ఆఫ్ అపోలో' సిరీస్ (2016–2020) చివర్లో చదవాలన్నది అలాగే ఉంచాను.