రొదియోనవ్‌ను జనవరిలో కాదు, అక్టోబరులో చూడాలి

బెలారస్ స్ట్రైకర్ విటాలీ రొదియోనవ్ కెరీర్‌ను ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని కొట్టిపారేయడం చాలామందికి అలవాటైపోయింది. సొంత దేశపు క్లబ్ బాటె బరీసవ్ తరఫున గోల్స్ వర్షం కురిపించాడు, 2010 జనవరిలో జర్మనీ క్లబ్ ఫ్రైబుర్గ్‌కు అరువుపై వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు, కాబట్టి సరుకు అంతే అంటారు. ఈ తీర్పు తప్పు. అతన్ని ఏ నెలలో తూకం వేశారో చూడకుండా ఇచ్చిన తీర్పు ఇది.

2012 అక్టోబరు 2న మిన్స్క్ దినమో స్టేడియంలో ఏం జరిగిందో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌లో జర్మనీ జట్టు బయెర్న్ మ్యూనిక్‌పై బాటె 3-1తో గెలిచింది. పావ్లవ్ తొలి గోల్ కొట్టాడు, 78వ నిమిషంలో రొదియోనవ్ రెండోది. చివర్లో బయెర్న్ ఆటగాడు రిబెరీ ఒకటి తగ్గించినా బ్రెస్సాన్ మూడోది కొట్టి లెక్క తేల్చాడు. ఆ సీజన్‌లో బయెర్న్ జర్మన్ లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. సీజన్ మొత్తంలో ఆ జట్టును ఓడించినవాళ్లు ముగ్గురే: బాటె, లెవర్‌కూసెన్, ఆర్సెనల్. బయెర్న్ మ్యాచ్‌కు రెండు వారాల ముందే ఫ్రాన్స్ జట్టు లిల్ మైదానంలో బాటె 3-1తో నెగ్గింది. అక్కడ కూడా రొదియోనవ్ గోల్ ఉంది. రెండు మ్యాచ్‌లు, రెండు గోల్స్, పెద్ద లీగుల రక్షణ శ్రేణులపై. ఇతనిది ‘వీధిలో పిల్లి’ ఆట ఎలా అవుతుంది?

అసలు సంగతి కాలెండర్‌లో ఉంది. చలి వల్ల బెలారస్ లీగ్ వసంతంలో మొదలై నవంబరులో ముగుస్తుంది. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్‌లలో ఆగస్టు నుంచి మే వరకు ఆడతారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బెలారస్ ఆటగాడు మంచి ఊపులో ఉంటాడు. కాళ్లలో పదును, జట్టుతో కుదిరిన లయ, రెండూ శిఖరాన ఉండే సమయమది. జనవరికి అదే మనిషి పది నెలలు ఆడి అలసిన శరీరంతో ఉంటాడు, లేదా సెలవు తర్వాత మళ్లీ మొదటి మెట్టు మీద ఉంటాడు. మామూలుగా అతనికి ఆ రోజుల్లో పరుగుల సాధన, బరువుల సాధన, తర్వాత టర్కీ శిబిరంలో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఉంటాయి. మెల్లగా మార్చి నాటికి ఒళ్లు సిద్ధమవుతుంది. జర్మనీలో మాత్రం జనవరి మధ్యలోనే రెండో అంచె మొదలవుతుంది. మే నడిమికి సీజనే అయిపోతుంది. తొడ వెనుక కండరం పట్టేయకుండా పూర్తి వేగంతో పరుగెత్తే స్థితికి అతను వచ్చేసరికి సగం మ్యాచ్‌లు దాటిపోతాయి. పైగా భాష కొత్త, శిక్షకుడు కొత్త. కింది డివిజన్‌కు జారిపోయే ప్రమాదంలో ఉన్న జట్టు ఎవరి కోసమూ నెలన్నర ఆగదు. రొదియోనవ్ వెళ్లినప్పటి ఫ్రైబుర్గ్ సరిగ్గా అలాంటి జట్టే.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది. అదే శీతాకాలంలో ఫ్రైబుర్గ్‌కే వచ్చిన సెనెగల్ స్ట్రైకర్ పాపిస్ సిస్సే వెంటనే కుదురుకున్నాడు, మరుసటి సీజన్‌లో 22 లీగ్ గోల్స్ కొట్టాడు కదా అని. నిజమే, సిస్సే ఎక్కువ ప్రతిభ ఉన్నవాడు, అందులో వాదన లేదు. కానీ అతను వచ్చింది ఫ్రాన్స్‌లోని మెట్స్ నుంచి. అక్కడి కాలెండరూ జర్మనీదీ ఒకటే. సీజన్ మధ్యలోంచి సీజన్ మధ్యలోకి వచ్చాడు. ఈ పోలిక నా వాదనకే బలం.

మరి వేసవిలోనే అమ్మొచ్చు కదా? అమ్మలేరు. చిక్కుముడి అక్కడే ఉంది. ఆ రోజుల్లో జులై, ఆగస్టుల్లో బాటెకు ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలుండేవి. 2008లో వాలుర్, అండర్లెఖ్ట్, లెవ్‌స్కీ సోఫియా; 2012లో వర్దార్, డెబ్రెట్సెన్, కిర్యాత్ ష్మోనా. మూడు అంచెలు, ఆరు మ్యాచ్‌లు. అవి దాటితే 2012-13 లెక్కల ప్రకారం గ్రూపు దశలో అడుగుపెట్టినందుకే 86 లక్షల యూరోలు, ఒక్కో విజయానికి మరో 10 లక్షలు. బరీసవ్ లాంటి చిన్న పట్టణపు క్లబ్‌కు కొన్నేళ్ల బతుకు అది. ఆ వారాల్లో ప్రధాన స్ట్రైకర్‌ను ఏ క్లబ్ వదులుతుంది? అందుకే ఆటగాడు బాగా ఆడే కాలంలో అమ్మకం ఉండదు, అమ్మే కాలంలో అతను బాగా ఆడలేడు. బాటె నుంచే బయటికెళ్లిన మరో స్ట్రైకర్ విటాలీ కుతుజవ్‌నే చూడండి. 2001లో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూఈఎఫ్ఏ కప్‌లో ఇటలీ జట్టు మిలాన్‌తో ఆడాక అదే మిలాన్ అతన్ని కొనుక్కుంది. అక్కడ పెద్దగా ఆడనివ్వలేదు. లిస్బన్, అవెల్లీనో, జెనోవా, పీసా అంటూ ఊళ్లు తిరిగాడు. 2009 ఆగస్టులో బారి జట్టు తరఫున సాన్ సీరో మైదానంలో ఇంటర్ మిలాన్‌పై గోల్ కొట్టి 1-1తో నిలబెట్టాడు. ఆ సీజన్‌లో మూడు ట్రోఫీలు ఎత్తిన ఇంటర్ అది. కుతుజవ్‌కు సరిపోయింది మిలాన్ పేరు కాదు, ఇటలీ కాలెండర్‌లో గడిపిన ఏళ్లు.

కాలెండర్ దెబ్బ ఒక్క ఆటగాడికే కాదు, జట్టుకూ తగులుతుంది. 2011 ఫిబ్రవరిలో పారిస్ సెయింట్ జెర్మెయిన్‌తో బాటె 2-2, 0-0తో రెండు మ్యాచ్‌లూ ఓడకుండానే, గోల్స్ సమానమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ కొట్టిన జట్టే ముందుకెళ్లే అప్పటి నిబంధన వల్ల ఇంటికి పోయింది. 2013 ఫిబ్రవరిలో టర్కీ జట్టు ఫెనర్‌బాచె చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి తేడా ఒక్క గోల్. రెండుసార్లూ బాటెకు సొంత లీగ్ ఇంకా మొదలే కాలేదు. అన్ని ఓటములనూ కాలెండర్ ఖాతాలో వేయలేం. 2012 అక్టోబరు 23న మిన్స్క్‌లో బాటెపై స్పెయిన్ జట్టు వలెన్సియా 3-0తో గెలిచింది, సొల్దాదో ఒక్కడే మూడూ కొట్టాడు. కానీ ఫిబ్రవరి మ్యాచ్‌లకు మాత్రం చలికాలాన్ని లెక్కలోంచి తీసేయడం అన్యాయం.

స్ట్రైకర్‌ను గోల్స్‌తో మాత్రమే కొలిచే అలవాటునూ ఇక్కడే ప్రశ్నించాలి. బెలారస్ జాతీయ జట్టు తరఫున అత్యధిక గోల్స్ రికార్డు మాక్సిమ్ రమాష్చెంకాది: 20. అతను స్ట్రైకర్ కాదు, మిడ్‌ఫీల్డర్. ఎక్కువ సేపు బంతి లేకుండా ఆడే జట్టులో ముందున్న ఒంటరి స్ట్రైకర్ పని వేరు. ప్రత్యర్థి సెంటర్ బ్యాక్ (రక్షణ శ్రేణి మధ్యలో ఆడేవాడు) నుంచి మధ్యలోని ఆటగాడికి పాస్ వెళ్లకుండా అడ్డంగా వంపు తిరిగి పరుగెత్తాలి. వెనక నుంచి గాల్లోకి వచ్చిన పొడవాటి బంతిని ఒంటితో కాచి, మైదానం రెండు అంచుల నుంచి తోటివాళ్లు వచ్చేదాకా రెండు మూడు సెకన్లు నిలపాలి. ఆ సెకన్లు లేకపోతే ఎదురుదాడే లేదు. గోల్ పట్టికలో ఇదేదీ కనిపించదు.

2020 వసంతంలో కరోనా వల్ల యూరప్‌లో దాదాపు మైదానాలన్నీ మూతపడినప్పుడు ఆగకుండా సాగిన బెలారస్ లీగ్‌ను భారత్‌లో కూడా ప్రసారం చేశారు. తొలి రౌండ్‌లోనే ఎనెర్గెతిక్-బీజీయూ అనే జట్టు 3-1తో బాటెను ఓడించింది. అప్పుడు చూసిన మనవాళ్లలో ఎందరికో ఆ ఆట మందకొడిగా తోచింది. మార్చి నెల ఆట అలాగే ఉంటుంది, అదే జట్లను సెప్టెంబరులో చూస్తే వేరేలా ఉంటాయి. 2022 నుంచి యూరప్ పోటీల్లో బెలారస్ జట్లు ‘సొంత’ మ్యాచ్‌లను తటస్థ మైదానాల్లో ఆడాల్సి వస్తోంది. ఇప్పటి యువ స్ట్రైకర్లకు బయెర్న్ లాంటి జట్టును సొంత జనం ముందు ఎదుర్కొనే అవకాశమే లేదు. విదేశీ క్లబ్బుల స్కౌట్లు వాళ్లను చూడటానికి వెళితే జులై నుంచి అక్టోబరు మధ్యే వెళ్లాలి. జనవరిలో కొంటే కనీసం మరుసటి ఆగస్టు వరకు ఆడించే ఒప్పందం రాసుకోవాలి. రొదియోనవ్‌కు ఫ్రైబుర్గ్‌లో దొరకనిది ఆ ఆగస్టే.