దూబగుంట నేర్పిన పౌరశాస్త్రం

ప్రాథమిక విధులు ఎన్ని అని పదో తరగతి అమ్మాయిని అడిగితే తడుముకోకుండా పదకొండు అంటుంది. 1976లో 42వ సవరణతో పది వచ్చాయని, పదకొండోది 2002లో చేరిందని కూడా చెబుతుంది. మీ ఊళ్లో గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగిందని అడిగితే మాత్రం తల దించుకుంటుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. పౌరసత్వాన్ని బిట్లుగా విడగొట్టి చేతికిచ్చింది మనమే.

నిజానికి నెల్లూరు జిల్లా ఈ పాఠాన్ని ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోనక్కరలేదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం ఇక్కడ ఊరూరా రాత్రి బడులు తెరిచింది. పగలంతా కూలి పని చేసి వచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టారు. వారి వాచకంలో సారా వల్ల కుటుంబం చితికిపోయిన ఒక ఇల్లాలి కథ ఉంది. అక్షరాలు దిద్దించడానికి పెట్టిన ఆ పాఠంలో కలిగిరి మండలం దూబగుంట మహిళలకు తమ ఇల్లే కనిపించింది. 1992లో ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వారికి ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ పోరాటం జిల్లాలో సారా వేలంపాటలనే నిలిపివేసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ఆ మహిళల చేత ప్రజాస్వామ్య నిర్వచనాన్ని ఎవరూ వల్లె వేయించలేదు. పాఠం వారి గడపను తాకింది, అంతే.

మన ఉన్నత పాఠశాలల్లో పాఠం ఆ గడప దాకా రావడం లేదు. పంచాయతీరాజ్ పాఠమే తీసుకుందాం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి, వాటిలో తాగునీరు ఒకటి. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన పెద్దలను పిల్లలు రోజూ చూస్తారు. అక్కడ ఆ జాబితాను బట్టీ పట్టించడం కన్నా బోరు నీటిని సీసాలో తెప్పించి పరీక్ష చేయించవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందేమో చూసి, తాగునీటికి ఎంత ఖర్చు చేశారో చెప్పమని పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు రాయించవచ్చు. 2005 నాటి ఆ చట్టం పౌరులందరికీ ఈ హక్కు ఇచ్చింది, వయసు అడగలేదు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు రాయడం తర్వాతి పాఠం.

ఉపాధ్యాయుల భయం నాకు తెలుసు. పిల్లల చేత ఇలాంటి ఉత్తరం రాయిస్తే రాజకీయం చేస్తున్నారంటారు, స్థానిక నాయకులకు కోపం వస్తుంది, బదిలీ మాట వినిపిస్తుంది. ఆ భారాన్ని ఒంటరి ఉపాధ్యాయుడి మీద వేయడం అన్యాయం. ఇది ప్రాజెక్టు పనిలో భాగమని విద్యాశాఖే రాతపూర్వకంగా చెప్పాలి. ఏ పార్టీకి ఓటు వేయాలో బడి చెప్పకూడదు, నిజమే. కుళాయి ఎందుకు ఎండిపోయిందో అడగడం మాత్రం పార్టీ వ్యవహారం కాదు. పదో తరగతి పిల్లలకు ఓటు రావడానికి ఇంకా మూడు నాలుగేళ్లే.

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. ఆనాడు రాత్రి బడుల్లో పలక పట్టిన మహిళలు కొందరు ఈ జిల్లా పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఒక్క సాంఘికశాస్త్రం పీరియడు వారిని తరగతిలో కూర్చోబెట్టి, పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి.