చెవిలో హోరు, ఫోన్‌లో వెతుకులాట

లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 తర్వాత విశాఖపట్నంలో చెవిపోటు వచ్చిన మనిషికి బస్సు లేదు, ఆటో దొరకదు, ఆసుపత్రి గడప తొక్కాలంటే కోవిడ్ భయం. ముక్కునూ గొంతునూ దగ్గరగా చూడవలసిన ఈఎన్‌టీ వైద్యులకు వైరస్ ముప్పు ఎక్కువ కావడంతో, అత్యవసరం కాని పరీక్షలు చాలాచోట్ల వాయిదా పడ్డాయి. ఇక మిగిలింది చేతిలోని ఫోనే. మహమ్మారి కాలంలో చెవి లక్షణాల గురించి ఇంటర్నెట్‌లో సాగిన వెతుకులాటను వ్యాధి వ్యాప్తికి కొలమానంగా చదివేవారు ముందుగా ఈ పరిస్థితిని గుర్తుంచుకోవాలి. ఎందరికి చెవి జబ్బు వచ్చిందో ఆ వెతుకులాట చెప్పలేదు. అడగడానికి వైద్యుడు దొరకనివారి ఆందోళన ఎప్పుడు పెరిగిందో మాత్రం చెప్పగలదని నా అభిప్రాయం.

ఏ మాట కోసం ఎప్పుడు ఎంతగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే అంకె వెతికినవారి సంఖ్య కాదు. ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో ఒక మాటపై ఆసక్తి పతాక స్థాయిలో ఉన్న సమయాన్ని 100గా తీసుకుని మిగతా రోజులను దానితో పోల్చి చూపుతుంది. వెతికినవారు మరీ తక్కువైతే సున్నా చూపుతుంది. ప్రజలు వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా వేయడానికి 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, 2012-13 చలికాలంలో అమెరికాలో ఆ జబ్బును దాదాపు రెట్టింపు చేసి చూపింది. 2015లో దాన్ని ఆపేశారు. వార్తల్లో ఒక జబ్బు మారుమోగుతున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నవారూ దాని గురించి వెతుకుతారు కదా.

చెవి విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. వాసన తెలియకపోవడానికి కోవిడ్‌తో గట్టి సంబంధం ఉంది. చెవిలో హోరు, కళ్లు తిరగడం, వినికిడి తగ్గడం కొందరు రోగులలో కనిపించినా, వాటికి వేరే కారణాలు కొల్లలు. జలుబు చేస్తే గొంతునూ మధ్య చెవినీ కలిపే నాళం పూడుకుని చెవులు దిబ్బడ వేస్తాయి. 2020 మార్చిలో వైద్య సిబ్బందికి ముందు జాగ్రత్తగా సూచించిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు కొందరిలో చెవి హోరు పుట్టిస్తుందని వైద్యులకు అంతకుముందే తెలుసు. అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నిశ్శబ్దం. షిప్‌యార్డులో, ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో ఏళ్ల తరబడి యంత్రాల మోత మధ్య పనిచేసినవారికి చెవిలో సన్నని హోరు ఉండడం వింత కాదు. చుట్టూ చప్పుడు ఉన్నంతసేపూ అది అందులో కలిసిపోతుంది. వీధులన్నీ మూగబోయిన రాత్రి ఆ హోరు తొలిసారి స్పష్టంగా వినిపిస్తే, అసలే భయంతో ఉన్న మనిషి దాన్ని కొత్త జబ్బుగానే తలుస్తాడు, అప్పటికప్పుడు ఫోన్ అందుకుంటాడు.

ఏ మాటతో వెతికారన్నది మరో ప్రశ్న. చెవి హోరుకు వైద్యులు వాడే ‘టిన్నిటస్’ అనే పదాన్ని పట్టుకుని గీసిన గ్రాఫులో మన ఊరివాళ్లు ఎందరుంటారు? ఇంట్లో అమ్మమ్మ ‘చెవి గుయ్‌మంటోంది’ అంటుంది, పక్కింటాయన ‘చెవిలో హోరు’ అంటాడు, కుర్రాళ్లు అదే తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో కొడతారు, చదువు రానివారు మైకు గుర్తు నొక్కి నోటితో అడుగుతారు. ఇలా చీలిపోయిన మాటల్లో ఏ ఒక్కటీ లెక్కకు అందేంత పెద్దది కాకపోవచ్చు. అప్పుడు తెరపై కనిపించే సున్నాను ‘ఇక్కడ బాధ లేదు’ అని చదివితే, ఆ బాధ పడినవారిని రెండోసారి గాలికి వదిలేసినట్టే.

దీని నష్టం మనుషులు భరించవలసిందే. మూడు రోజుల లోపల ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి బాగా పడిపోతే అది అత్యవసర స్థితి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో అందితే కోలుకునే ఆశ ఎక్కువ. బాధితుడికి మాత్రం అది గులిమి అడ్డుపడినట్టో, చెవిలో నీళ్లు పోయినట్టో అనిపిస్తుంది. వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసుకోమనే వీడియో ముందుగా ఎదురైతే ఆ రెండు వారాలూ ఇంట్లోనే గడిచిపోతాయి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 14410 నంబరుతో టెలిమెడిసిన్ ప్రారంభించడం మంచి పని. అలాంటి సేవలకు ఫోన్ చేసినవారు తమ బాధను ఏ మాటల్లో చెబుతున్నారో, ఏ వారంలో ఎక్కువగా చెబుతున్నారో పేర్లు లేకుండా నమోదు చేసి, ఈఎన్‌టీ ఓపీ రికార్డులతో పోల్చి చూడాలి. ఆ పనికి మొదట కావలసింది, ‘గుయ్‌మనడం’ మొదలుకొని ‘దిబ్బడ’ దాకా మనవాళ్లు వాడే మాటల పట్టిక.