బుట్ట కట్టారు సరే, లెక్క రాశారా?

నంది కొండల కింద మా బావగారి ద్రాక్ష పందిరి పక్కన రెండు వరుసల జామచెట్లు ఉన్నాయి. కిందటి నెల బెంగళూరు నుంచి అక్కడికి వెళ్లినప్పుడు ఒక కొమ్మకు వేలాడుతున్న, పండు ఈగలను పట్టే బుట్టను విప్పి చూశాను. అడుగున మందంగా ఎండిన ఈగలు, పైన సాలెగూడు, మధ్యలో వాసన ఎప్పుడో ఎగిరిపోయిన చెక్కముక్క కనిపించాయి. ఎర ఎప్పుడు మార్చారని అడిగితే, "సబ్సిడీలో ఇచ్చినప్పుడు కట్టిందేనోయ్" అన్నాడు బావ. ఏ వారంలో ఎన్ని ఈగలు పడ్డాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తోటలోకి పురుగు ఎప్పుడు వచ్చిందో చెప్పవలసిన పరికరాన్ని మనం తాయెత్తులా కట్టి వదిలేస్తున్నాం.

ఎరగా ఆ చెక్కకు పట్టించే మిథైల్ యూజినాల్ అనే వాసన ద్రవం మగ ఈగలనే లాగుతుంది. కాయకు గాటు పెట్టి గుడ్లు పెట్టేది ఆడ ఈగ. కాబట్టి బుట్ట నిండినంత మాత్రాన పంట దక్కినట్టు కాదు. ఈగలు దిగాయని, ఇక మేలుకోవాలని మాత్రమే దాని అర్థం. ఈ ఆకర్షణను 1910లలో బిహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త గుర్తించాడు. అంటే ఈ విద్య పుట్టింది మన గడ్డ మీదే, వందేళ్ల కిందట.

వారం వారం లెక్క చూడటమంటే ఏమిటో బెర్రీ తోటల రైతులను చూసి నేర్చుకోవాలి. (వృక్షశాస్త్రం లెక్కన మన ద్రాక్ష, జామ కూడా బెర్రీలే.) 2008లో కాలిఫోర్నియా, ఇటలీ, స్పెయిన్ తోటల్లో బయటపడిన డ్రోసోఫిలా సుజుకీ అనే ఈగ, మన వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే ఈగకు దగ్గరి చుట్టమే. కాకపోతే ఆ చుట్టం పండు కుళ్లేదాకా ఆగుతుంది. ఇది రంపం పళ్ల వంటి అవయవంతో, రంగు తిరుగుతున్న పండు తొక్కనే కోసి గుడ్డు పెడుతుంది. అక్కడి రైతులు ప్లాస్టిక్ డబ్బాకు చిన్న రంధ్రాలు చేసి, యాపిల్ వెనిగర్‌లో ఒక చుక్క సబ్బునీరు కలిపి పోసి, నీడపట్టున పండ్ల ఎత్తులో కట్టి, వారానికోసారి వడకట్టి చూస్తారు. మగ ఈగకు రెక్క చివర నల్ల చుక్క ఉంటుంది. ఆడ ఈగను భూతద్దం కింద పెట్టి పోల్చుకోవాలి. అంత చేసినా ఒక మెలిక మిగిలే ఉంటుంది. తోటంతా పండ్లు మగ్గే వేళకు ఆ వాసన ముందు వెనిగర్ వాసన నిలవదు గనుక, డబ్బాలో ఈగలు తక్కువ పడ్డాయంటే తోటలో తక్కువ ఉన్నాయని అర్థం కాదు. అందుకే కొన్ని పండ్లను చిదిపి ఉప్పునీళ్లలో వేసి, పురుగులు పైకి తేలుతున్నాయేమో కూడా చూస్తారు.

రైతుకు ఇంత తీరిక ఎక్కడిది, బుట్టలు ఎక్కువ కడితే చాలదా అనేవారున్నారు. ఊరంతా ఒకేసారి కట్టి, ఎర వాడిపోకముందే మారుస్తూ ఉంటే మగ ఈగల సంఖ్య పడిపోయే మాట నిజమే. అది పడిపోయిందని మాత్రం దేన్ని చూసి చెబుతారు?

2009లో కాలిఫోర్నియాలోని నాపా లోయ ద్రాక్షతోటల్లో యూరప్ ద్రాక్ష చిమ్మట కనబడింది. ఆడ చిమ్మట వాసనను పోలిన ఎరలతో ట్రాప్‌లు పెట్టి, ఏళ్ల తరబడి లెక్కలు రాసి, 2016లో దాన్ని నిర్మూలించామని ప్రకటించారు. సున్నా, సున్నా అని రాసిన ఆ కాగితాలు లేకపోతే ఆ ప్రకటనను ఎవరు నమ్ముతారు? 2014లో పండు ఈగల పేరుతో యూరప్ సమాఖ్య మన మామిడిని ఆపేసినప్పుడు మనం ఇలాంటి కాగితాల విలువ తెలుసుకోవలసింది.

అసలు జబ్బు ఈగలది కాదు. మనకు పంచడం వచ్చినంతగా లెక్కపెట్టడం రాదు. ఎన్ని మొక్కలు నాటామో చెబుతాం, ఎన్ని బతికాయో చెప్పం. చెరువు నుంచి ఎన్ని లారీల పూడిక తీశామో చెబుతాం, ఎన్ని అడుగుల నీరు పెరిగిందో చెప్పం. ఉద్యాన పథకాల నివేదికల్లోనూ పంచిన బుట్టల సంఖ్య ఉంటే సరిపోదు. బుట్టతో పాటు సీజన్‌కు సరిపడా ఎరలు, ఒక చిన్న భూతద్దం, తేదీల గడులు గీసిన పుస్తకం రైతు చేతికి ఇవ్వాలి. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులు తక్కువేమీ కాదు గనుక, వారికి ఆ పుస్తకం తెలుగులోనూ ఉండాలి. వచ్చే ఏడాది సబ్సిడీకి దరఖాస్తు తీసుకునే అధికారి ముందుగా ఆ పుస్తకాన్నే అడగాలి.